పాత మోటారుకారు దీపములు, వాని వెండి దర్పణములు

చీకటిరాత్రి మోటారుకారు ముందు బాటపై పఱచుకొను వెలుతురును జూచి, లోపలి బల్బు మిక్కిలి గొప్పదై యుండునని పిల్లలు తలంతురు. బల్బు చేయు పని కొంతమాత్రమే. దాని వెలుగు నలుదిక్కులకు బోవును. అట్లు చెదరిపోవు కిరణములను బట్టి, ఒక్క దిక్కునకు మరల్చి, బాటమీదికి బంపునది బల్బు వెనుకనున్న గిన్నెవంటి దర్పణము. దీనిని కారుపనివారు రిఫ్లెక్టరందురు. ఇది నల్లబడినచో నెంత మంచి బల్బు పెట్టినను కారు గ్రుడ్డిదే. పాతకార్లను మరల నడపగోరువారు రంగునకును, తోలుదిండ్లకును ఎంతయో సొమ్ము వెచ్చించి, దీపముల మాట వచ్చునప్పటికి వంటపాత్రలను తోమినట్లు తోమి యూరకుందురు. మేమును మొదట నట్లే చేసితిమి. ఆ తప్పువలన నేర్చుకొన్నదానినే యిచట వ్రాయుచున్నాము.

మా పనిశాలకు వచ్చినవి ఫోర్డు మోడల్ ఏ కారు దీపములు రెండు. ఆ కారు 1927వ సంవత్సరము డిసెంబరు నెలలో వెలువడినది. దాని రిఫ్లెక్టరు ఇత్తడిరేకుతో జేసి, లోపలివైపున వెండిమలాము వేసినది. ఆ గిన్నె వంపు కుండవంపు గాదు, బంతివంపును గాదు. పై తరగతులవారు గ్రాఫు కాగితముపై గీయు పరవలయమును దాని యక్షముచుట్టు త్రిప్పినచో నీ యాకార మేర్పడును. పరవలయమునకు నాభి యను నొక స్థానము గలదు. అచట బుట్టిన కిరణము గిన్నెలో నెచ్చట దగిలినను, అక్షమునకు సమాంతరముగనే వెడలును. బల్బులోని తీగె యా స్థానమునుండి కొంచెము ముందునకో వెనుకకో జరిగినచో కిరణములు చెదరును. గిన్నెకు సొట్టపడినను అట్లే. కావున రిఫ్లెక్టరు మెఱసిన జాలదు. వెలుగును సరియైన దారిని బంపవలయును. కంటికి దళదళలాడు గిన్నె కూడ బాటను జూపలేకపోవచ్చును.

ఇక వెండియే యేల? తనపై బడిన వెలుగులో నూటికి సుమారు 95 పాళ్లు వెండి తిరిగి పంపును. క్రోమియము 65 పాళ్లకు మించి పంపుట కష్టము. ఒక మలాముపనివాడు, “వెండి యెందులకు బాబూ, క్రోమియము వేయించుడు, జన్మలో నల్లబడదు” అని మాకు జెప్పెను. నల్లబడదన్నమాట నిజమే, కాని మొదటి దినమునుండియే వెలుగులో మూడవవంతును మ్రింగివేయును. ఆ సలహాను మే మంగీకరింపలేదు.

వెండికి శత్రువు గంధకము. గాలియందు స్వల్పముగా గంధకముగల వాయువు లుండును. కుళ్లిన కోడిగ్రుడ్డు కంపు అట్టి వాయువుదే. అది సోకి వెండి పైపొర మొదట పసుపువన్నెయు, పిదప గోధుమవన్నెయు, తుదకు నలుపును బొందును. పెట్టెలో దాచిన వెండిగిన్నె పండుగనాటికి నల్లబడుట మన యిండ్లలో నెల్లరు నెఱుగుదురు. రబ్బరును గట్టిపఱచుటకు అందులో గంధకము కలుపుదురు గనుక, దీపపుటద్దము క్రింద రబ్బరుపట్టీ వేసినచో మనమే శత్రువును లోపలికి బిలిచినట్లగును. పాతదీపములందు కార్కుపట్టీ వేసిన కారణ మిందువలన బోధపడును.

మేము చేసిన తప్పు చెప్పెదము. మొదటి రిఫ్లెక్టరును పాత్రలకు వాడు మెఱుగుముద్దతో, ముతకగుడ్డతో, చుట్టుచుట్టు రుద్దితిమి. నలుపు పోయినది. ఒక విద్యార్థి సంతోషముతో, “అయ్యగారూ, బంగారమువలె నున్నది!” అనెను. ఆ మాట వినగానే మా గుండె ఝల్లుమనెను. బంగారు వన్నె యనగా వెండి పోయి ఇత్తడి బయటపడినదన్నమాట. ఆ మలాము తల వెండ్రుకకంటె నెన్నియో రెట్లు పలుచన. అంతేగాక, ఆ నలుపు వెండిమీద బడిన దుమ్ము గాదు. వెండియే గంధకముతో గలసి నలుపైనది. నలుపును దీసిన ప్రతిసారియు కొంత వెండియు బోవును. ఇట్టి దర్పణమును తోమదగిన సారులు లెక్కకు వచ్చునన్న సంగతి మాకు నాటికి దెలిసినది.

రెండవదానిని వేఱువిధముగా బట్టితిమి. లోపలివైపున వ్రేలు తగులనీయలేదు; చెమటయు మచ్చ చేయును. గోరువెచ్చని నీటిలో కొంచెము మెత్తని సబ్బు కలిపి, రుద్దక, పోసి కడిగి, నీడన ఆరబెట్టితిమి. సగము మురికి దీనితోనే పోయినది. తరువాత దీపపుమసిని స్పిరిటుతో దడిపి, దూదితో నద్ది, నడుమనుండి అంచువఱకు తిన్నని గీతలుగా, బరువు మోపక తుడిచితిమి. దీపపుమసి యనగా మన అవ్వలు ఆముదపుదీపముపై మూకుడు బోర్లించి పట్టు మసియే. దానికన్న మెత్తని పొడి దొరకుట యరుదు. ఇసుకరేణు వొక్కటి కలిసినను గీత పడును గనుక, మసిని పలుచని గుడ్డలో జల్లించుట మఱవరాదు. చింతపండును దగ్గఱకు రానీయరాదు. అది ఇత్తడికి మందు గాని వెండినలుపునకు గాదు. కొందఱు మెఱుగు నిలుచుటకై పైన వార్నీషు పూయుదురు. బల్బు వేడికి అది పసుపెక్కును.

చెడిపోయినదానికి మరల మలాము వేయింపక తప్పలేదు. సొట్టలను వెనుకనుండి మెల్లగా దీసి, ఇత్తడిని నునుపుచేసి, వెండి కరగియున్న ద్రావకములో ముంచి విద్యుత్తును బంపుదురు. 1840లో బర్మింగుహాములో ఎల్కింగ్టనులు పేటెంటు పొందిన పద్ధతి యిదే. ఆ ద్రావకములో సయనైడను ఘోరవిషముండును గనుక, పిల్లలెవ్వరు నిది ప్రయత్నింపరాదు. మలాముకు ముందు చక్రముపై నునుపుచేయువాడు తొందరపడి అరగదీసినచో పరవలయము చెడును. అందుచేత మేము పనివానితో, “మెఱుగు తగ్గినను సరియే, వంపు మాఱరాదు” అని పలుమాఱులు చెప్పితిమి.

వెండికి బదులు, గాలి తీసివేసిన గదిలో అల్యూమినియమును ఆవిరిచేసి పట్టించు పద్ధతియు గలదు. అది నూటికి సుమారు 90 పాళ్లు వెలుగును బంపును, గంధకమునకు నల్లబడదు. మౌంటు విల్సను కొండమీది 100 అంగుళముల దూరదర్శిని దర్పణమునకు 1935లో వెండి మాని దీనినే పట్టించిరి. అమెరికాలో 1940 నుండి కార్లకు వచ్చిన మూసివేసిన గాజుదీపములలోని పూతయు నిదియే. ఐనను పాతకారునకు పాతవెండి యుండిన బాగుండునని మేము తలంచితిమి. ఇది యభిమానమే గాని శాస్త్రము గాదు.

దీపములను బిగించినపిదప నొకటి మసకగా వెలిగెను. తప్పు రిఫ్లెక్టరుది గాదు; తీగె కొసన త్రుప్పు. ఆ కారు విద్యుత్తు 6 వోల్టులే. దారిలో అరవోల్టు పోయినచో వెలుగులో పావుభాగము పోవును. త్రుప్పు గీకి, సమమైన నేలమీద కారును నిలిపి, 25 అడుగుల దూరమున తెల్లగోడకు ఎదురుగా దీపములు వెలిగించితిమి. దీపము వెనుకనున్న మరను త్రిప్పగా త్రిప్పగా, గోడమీది చెదరిన వెలుగు దగ్గఱపడి, అడ్డముగా సాగిన కోడిగ్రుడ్డువలె నిలిచినది.

రెండవ రిఫ్లెక్టరు అంచున కందిగింజంత పసుపుమచ్చ యింకను గలదు. గోడమీద దాని జాడ కనబడలేదు. దానిని తుడువక, కార్కుపట్టీ వేసి అద్దము మూసితిమి.