లైటున్న ఫ్యాను బిగించడం వస్తే... పశ్చిమ ప్రకాశంలో ఎలక్ట్రీషియన్ దారి

లైటున్న సీలింగ్ ఫ్యానొకటి చేతికిచ్చి బిగించమంటే చాలు, కుర్రాడికి కరెంటు పని ఎంతవరకు వచ్చో తేలిపోతుంది. మామూలు ఫ్యానుకు రెగ్యులేటర్ గుండా వచ్చే ఫేజు ఒకటి, న్యూట్రల్ ఒకటి ఉంటే తిరుగుతుంది. లైటు కూడా ఉంటే దానికి వేరే స్విచ్చు నుంచి ఇంకో ఫేజు రావాలి. న్యూట్రల్ రెండింటికీ ఒకటే చాలు. వీటికి తోడు ఎర్తు. మొత్తం పైపులో నాలుగు వైర్లు. మార్కాపురం, గిద్దలూరు, కంభం పాత వీధుల్లో ఫ్యాను పాయింటుకు లైటు కోసం వేరే ఫేజు వైరు లాగని ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. పని తెలిసినవాడెవరో, తెలియనివాడెవరో అక్కడే బయటపడుతుంది.

తెలియనివాడు ఫ్యానుకొచ్చే ఫేజునే లైటుకూ కలిపేసి చేతులు దులుపుకుంటాడు. ఇంట్లోవాళ్లు రెగ్యులేటర్‌ను రెండో నంబరుకు తిప్పగానే లైటు మిణుకుమంటుంది. ఎల్‌ఈడీ లోపలి డ్రైవరు ఎక్కువ కాలం మన్నదు. ఇంకొకరు వైరు చాల్లేదని ఎర్తునే న్యూట్రల్‌గా వాడేస్తారు. లైటు వెలుగుతుంది కాబట్టి పని అయిపోయినట్టే అనిపిస్తుంది. కానీ ఆ ఎర్తు ఎక్కడైనా తెగితే దానికి కలిపిన ఇనుప వస్తువులన్నీ షాకు కొడతాయి. ఇది పొరపాటు కాదు, ప్రాణాలతో చెలగాటం.

తెలిసినవాడు ముందు పైపులోకి స్ప్రింగు తోసి కొత్త వైరు లాగడానికి చూస్తాడు. పైపు పూడిపోయి స్ప్రింగు దిగకపోతే రిమోటుతో నడిచే బీఎల్‌డీసీ (బ్రష్‌లెస్ డీసీ మోటారు) ఫ్యాను తెచ్చుకోమని ఇంటివాళ్లకు చెబుతాడు. దానికి ఫేజు, న్యూట్రల్, ఎర్తు ఉంటే చాలు. ఫ్యాను వేగమూ లైటూ లోపలి బోర్డే చూసుకుంటుంది. అయితే గోడమీది రెగ్యులేటర్‌ను ఆ లైనులోంచి తప్పించాలి. అది తప్పించకుండా బిగించిన బీఎల్‌డీసీ ఫ్యాను సరిగ్గా తిరగదు, బోర్డు కూడా దెబ్బతింటుంది. కంపెనీ ఇచ్చిన కాగితంలో ఈ సంగతి రాసే ఉంటుంది. ఆ కాగితం చదివే అలవాటు కూడా ఈ వృత్తిలో భాగమే.

కొత్తగా పనిలోకి వచ్చినవాళ్లు తప్పనిసరిగా తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. మెయిన్ ఆపేస్తే కరెంటు పోయినట్టేనని అనుకుంటారు. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో అది సరిగ్గా ఫ్యాన్లకు, లైట్లకే సరఫరా ఇస్తుంది. మెయిన్ ఆపగానే ఇన్వర్టర్ అందుకుంటుంది, నిచ్చెన మీదున్న మనిషి చేతిలోని వైరు మళ్లీ ఫేజు అవుతుంది. అందుకే ఇన్వర్టర్‌నూ ఆపాలి, ఆ తర్వాత మల్టీమీటరుతో చూసుకోవాలి. జేబులోని టెస్టర్ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు.

వేలాడదీయడం కూడా చదువులాంటిదే. కొత్త స్లాబు ఇంట్లో ఫ్యాను బాక్సులోనే కడ్డీ ఉంటుంది. నాపరాళ్లు పరిచిన పాత మిద్దెల్లో దూలానికి కొక్కెం వేయాలి. ఆ దూలం చెదపట్టిందో లేదో తట్టి చూడాలి. లైటు, గాజు కలిస్తే ఫ్యాను బరువు పెరుగుతుంది. రాడ్డు బోల్టుకు స్ప్లిట్ పిన్ను పెట్టి, దాని కాళ్లు విడదీసి వంచాకే నిచ్చెన దిగాలి.

ఈ ప్రాంతంలో ఫ్యాను పనికి గిరాకీ తగ్గే ప్రసక్తే లేదు. మే నెల వచ్చిందంటే ఇక్కడ ఎండ 44 డిగ్రీలు దాటడం మామూలే. పైగా ఫ్యాను రూపమే మారిపోతోంది. 2023 జనవరి 1 నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి అయింది. పాత ఫ్యాను 75 వాట్లు తాగితే బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దగ్గరే ఆగుతుంది. రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు పాతదానికి 27 యూనిట్లు, కొత్తదానికి 11 యూనిట్ల లోపే. ఈ లెక్క వివరించగలిగిన ఎలక్ట్రీషియన్‌ను ఇంటివాళ్లు మళ్లీ పిలుస్తారు. రిపేరు కూడా మారింది. ఇన్నాళ్లూ ఫ్యాను నెమ్మదించిందంటే రెండున్నర మైక్రోఫారడ్ కండెన్సర్ మార్చడం, మోటారు కాలిందంటే వైండింగు చుట్టడం. ఇప్పుడు బోర్డు పరీక్షించడం రావాలి. వైండింగు షాపుల్లో హెల్పర్లుగా ఉన్న పిల్లలు ఎలక్ట్రానిక్స్ కాస్త నేర్చుకుంటే రేపటి గిరాకీ వాళ్లదే.

నేర్చుకునే దారులు మూడు నాలుగున్నాయి. అన్నిటికంటే గట్టిది ఐటీఐ. ఎలక్ట్రీషియన్ ట్రేడ్ రెండేళ్లు, పదో తరగతి పాసై ఉండాలి. వైర్‌మెన్ ట్రేడ్ కూడా రెండేళ్లే, దానికి ఎనిమిదో తరగతి చాలు. ఆ తర్వాత ఏడాది అప్రెంటిస్‌షిప్ చేసినవాళ్లకు స్టైపెండుతో పాటు జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది. చాలామంది ఈ ఏడాదిని వదిలేసి హైదరాబాదో బెంగళూరో వెళ్లి సైట్లలో చేరిపోతున్నారు. ఇంటి ఇబ్బంది అర్థం చేసుకోదగ్గదే కానీ, ఆ ఒక్క కాగితం లేక తర్వాత పోయే అవకాశాలు ఎక్కువ. ఇంటర్‌లో ఒకేషనల్ ఎలక్ట్రికల్ టెక్నీషియన్ కోర్సుంది. చదువు మధ్యలో ఆగిపోయినవాళ్ల కోసం బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు ఇంటి వైరింగులో 30 రోజుల శిక్షణను ఉచితంగా, భోజన వసతితో సహా ఇస్తాయి. ఇంకా చదవాలనుకునే ఐటీఐ విద్యార్థి బ్రిడ్జి కోర్సు చేసి, ఎల్‌పీసెట్ రాసి నేరుగా పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరొచ్చు.

ఉద్యోగాల సంగతికొస్తే, 2019లో గ్రామ, వార్డు సచివాలయాల కోసం ఎనర్జీ అసిస్టెంట్లను, అంటే జూనియర్ లైన్‌మెన్ గ్రేడ్-2ను విద్యుత్ పంపిణీ సంస్థలు (డిస్కంలు) తీసుకున్నాయి. పదో తరగతితో పాటు ఐటీఐ ఎలక్ట్రికల్ గానీ, సంబంధిత ఒకేషనల్ ఇంటర్ గానీ అడిగారు. మార్కులతో పాటు స్తంభం ఎక్కడం, సైకిలు తొక్కడం, మీటరు రీడింగు తీయడం కూడా పరీక్షించారు. పశ్చిమ ప్రకాశం ఇప్పుడు ఏపీసీపీడీసీఎల్ అనే డిస్కం పరిధిలో ఉంది. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్, టెక్నీషియన్ గ్రేడ్-3 పోస్టులకు పది, ఐటీఐ ఎలక్ట్రీషియన్ అర్హత సరిపోతుంది. గుంటూరు–నంద్యాల లైను మీదున్న మార్కాపురం రోడ్డు, గిద్దలూరు స్టేషన్ల చుట్టుపక్కల పిల్లలకు ఈ ఉద్యోగాలు కొత్తేమీ కావు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో ఇళ్ల మీద సోలార్ ప్యానెళ్లు పెడుతున్నారు. ఆ పనిలో డీసీ వైరింగు, ఇన్వర్టరు, ఎర్తింగు తెలిసినవాళ్లకు చోటుంది.

అయితే సొంతంగా నిలబడాలనుకునేవాళ్లు అన్నిటికంటే ఎక్కువగా నిర్లక్ష్యం చేస్తున్నది వైర్‌మెన్ పర్మిట్. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. 250 వోల్టుల లోపు ఫ్యాను, బల్బు, స్విచ్చు లాంటివి ఉన్నచోటే, లోడు మారకుండా మార్చడానికి మినహాయింపు ఉంది. కొత్తగా పాయింటు వేయాలన్నా, వైరింగు మార్చాలన్నా, పెంచాలన్నా ఆ పని లైసెన్సున్న కాంట్రాక్టరు ద్వారా, పర్మిటున్న మనిషి చేతే జరగాలి. ఈ పర్మిట్లను, లైసెన్సులను ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు ఇస్తుంది. పర్మిటు లేనివాడు పదేళ్లు పనిచేసినా ఇంకొకరి కింద పాయింటుకింతని తీసుకునే మనిషిగానే ఉండిపోతాడు. బడి, ఆస్పత్రి, అపార్టుమెంటు పనులు సొంత పేరుతో పట్టాలంటే ఆ కాగితాల మెట్లు ఎక్కాల్సిందే.

భవన నిర్మాణ పనుల్లో ఉన్న ఎలక్ట్రీషియన్లు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో కూడా పేరు నమోదు చేయించుకోవాలి. 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, గడిచిన ఏడాదిలో 90 రోజులు పని చేసినవాళ్లు అర్హులు. నిచ్చెన మీంచి పడి కాలో చెయ్యో విరిగినవాళ్లున్న ఇళ్లకు ఆ నమోదు విలువ తెలుసు.

ఇక్కడి నేల గురించి కూడా ఒక మాట. పశ్చిమ ప్రకాశంలో వాన తక్కువ, చాలాచోట్ల కింద రాయి. ఎండాకాలం ఎర్తు గుంటలో తడి ఆరిపోతే, లీకైన కరెంటు భూమిలోకి దిగడం కష్టమవుతుంది. గుంట తీసి ఉప్పు, బొగ్గు వేయడం, వేసవిలో అందులో నీళ్లు పోయమని ఇంటివాళ్లకు చెప్పడం, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించడం ఇక్కడ పనిచేసే ఎలక్ట్రీషియన్‌కు నిత్యం అక్కరకొచ్చే విద్యలు.

ఐటీఐ అడ్మిషన్లు పదో తరగతి ఫలితాల తర్వాత రాష్ట్ర ఐటీఐ పోర్టల్‌లో విడతలవారీగా జరుగుతాయి. మొదటి విడతలో ఎలక్ట్రీషియన్ సీట్లు త్వరగా నిండిపోతాయి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు, ఆధార్ ఫలితాలు రాకముందే సిద్ధం చేసుకోవాలి. ఫలితాలు వచ్చాక మార్కుల మెమో, టీసీ తీసుకోవాలి. సీటు దొరకనివాళ్లు మిగిలిన సీట్లకు జరిగే తర్వాతి విడతల కోసం దగ్గర్లోని ఐటీఐలో అడిగి తెలుసుకోవాలి.