వృద్ధాప్యంలో సడలింపు ఉంది, సెలవు లేదు

మానవుడు బలహీనుడిగా పుట్టి, బలం పుంజుకొని, తల నెరిసేసరికి మళ్ళీ బలహీనుడవుతాడు. సూరా రూమ్ 54వ ఆయత్ మనకు గుర్తు చేసే సత్యం ఇదే. కనుక మోకాళ్ళు నొప్పి పెట్టడం, చూపు మందగించడం సిగ్గుపడవలసిన విషయాలు కావు. అది సృష్టికర్త ఏర్పరచిన నియమం. అయితే బలం తగ్గడం వేరు, మిగిలి ఉన్న బలాన్ని వదులుకోవడం వేరు. ఈ తేడా తెలియకనే ఎందరో పెద్దలు ముందుగానే మంచం పడుతున్నారు.

మన ఇళ్ళలో జరుగుతున్నదేమిటి?

బనగానపల్లె కావచ్చు, మరో ఊరు కావచ్చు, చాలా ఇళ్ళలో కథ ఒకటే. ఫజ్ర్ అజాన్ వినగానే మస్జిద్‌కు నడిచి వెళ్ళే పెద్దాయన ఒకరోజు కాలు జారి పడతారు. దెబ్బ కొద్ది రోజుల్లో మానుతుంది. కాని ఇంట్లోవారి భయం మానదు. "మీరెందుకు లేస్తారు అబ్బా, మేమున్నాం కదా!" అంటారు. నీళ్ళు, భోజనం, చివరికి తస్బీహ్ కూడా మంచం దగ్గరికే వస్తాయి. ఇదంతా ప్రేమతోనే చేస్తారు. కాని కదలని కండ కరిగిపోతుంది, ముసలితనంలో మరీ త్వరగా. కొన్ని నెలలకు ఆయన గోడ పట్టుకోనిదే లేవలేని స్థితికి వస్తారు.

తల్లిదండ్రుల పట్ల ఉత్తమంగా మసలుకోమని సూరా బనీ ఇస్రాయీల్ మనల్ని ఆదేశిస్తోంది. చేతనయ్యే పనిని వారి చేతుల్లోంచి లాక్కోవడం సేవ కాదు. వారు లేస్తుంటే చేయి అందించడం, నడుస్తుంటే పక్కన నడవడం సేవ.

ధర్మం చూపిన మెట్లు

హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) మొలల వ్యాధితో బాధపడుతూ నమాజు గురించి అడిగారు. నిలబడి చేయమని, అది చేతకాకపోతే కూర్చొని, అదీ చేతకాకపోతే పక్కకు ఒరిగి చేయమని దైవప్రవక్త (స) బోధించారు (బుఖారీ). ఒక్కొక్క మెట్టే దిగే వీలుంది. కాని ఆ మెట్లలో 'మానేయి' అనే మెట్టు ఎక్కడా లేదు. నిలబడగలిగినవారు మొదటి నొప్పికే కుర్చీకి అలవాటుపడడం సరికాదు. నిజంగా చేతకానివారు నామోషీపడి నమాజునే వదిలేయడం అంతకంటే పెద్ద నష్టం. ఎవరి స్థితికి ఏది తగునో తమ మస్జిద్ ఇమాము గారిని అడిగి తెలుసుకోవాలి.

శక్తికి మించి ఒంటిని హింసించుకోవడం కూడా భక్తి కాదు. ఒక వృద్ధుడు కాలినడకన వెళతానని మొక్కుకొని ఇద్దరు కొడుకుల ఆసరాతో ఈడ్చుకుంటూ నడుస్తున్నాడు. ఆయన తనను తాను బాధించుకోవడం అల్లాహ్‌కు అవసరం లేదంటూ దైవప్రవక్త (స) ఆయనను వాహనమెక్కమన్నారు (బుఖారీ, ముస్లిం).

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) యౌవనంలో ప్రతిరోజూ ఉపవాసముంటూ, రాత్రంతా నమాజులో గడిపేవారు. శరీరానికి కూడా నీపై హక్కు ఉందని దైవప్రవక్త (స) ఆయనకు నచ్చజెప్పి, తేలికైన మార్గం చూపారు. తనకు శక్తి ఉందంటూ ఆయన ఎక్కువే కోరుకున్నారు. ముసలితనం వచ్చాక, ఆనాడే ఆ సడలింపును స్వీకరించి ఉంటే ఎంత బాగుండేదని ఆయన బాధపడ్డారు (బుఖారీ). కొద్దిగానైనా నిలకడగా చేసే ఆచరణే అల్లాహ్‌కు ఎక్కువ ప్రియమైనది.

వైద్యుల మాట కూడా ఇదే దారిలో ఉంది. 65 ఏళ్ళు దాటినవారికి వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, మూడు రోజులు బలాన్ని, నిలకడను పెంచే కదలికలు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. అంత చేయలేనివారు తమ శక్తి కొద్దీ చేయాలని కూడా చెప్పింది.

ఆచరణలో పెట్టవలసినవి

1. మస్జిద్‌కు వేసే ప్రతి అడుగుకూ పుణ్యం ఉంది. ఐదు పూటలూ వీలుకాకపోతే ఒక్క పూటైనా నడవండి. స్త్రీలు వాకిట్లోనో మిద్దె మీదనో నడవవచ్చు.

2. మన వైపు ఇళ్ళలో పరిచేవి ఎక్కువగా నాపరాళ్ళే. తడిస్తే జారతాయి. వుజూ చేసే చోట నీళ్ళు నిలవకుండా చూడండి. గోడకు పట్టుకొనే కమ్మీ బిగించండి.

3. గట్టి కుర్చీని గోడకు ఆనించి, రోజూ కొన్నిసార్లు లేచి కూర్చోండి. తొడలకు బలం వస్తుంది.

4. వేసవిలో మన ప్రాంతపు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఫజ్ర్ తరువాత, మగ్రిబ్ తరువాత నడవండి. వయసు మళ్ళినవారికి దప్పిక సరిగా తెలియదు కనుక అడక్కుండానే నీళ్ళు అందించండి.

5. షుగర్ ఉన్నవారు చెప్పులు లేకుండా నడవకూడదు. రోజూ పాదాలు చూసుకోవాలి. గుండె జబ్బు, ఆయాసం ఉన్నవారు ముందు డాక్టరును సంప్రదించాలి.

మొక్క నాటే చేయి

ప్రళయం ముంచుకొస్తున్నా, చేతిలో మొక్క ఉంటే నాటగలిగితే నాటమని దైవప్రవక్త (స) ఉపదేశించారు (ముస్నద్ అహ్మద్). బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ మామిడి అంటు నాటితే కాపుకు నాలుగైదేళ్ళు పడుతుంది. డెబ్భై ఏళ్ళ దాదా వానలు పడ్డాక పెరట్లో అంటు నాటుతుంటే 'ఈ వయసులో ఎందుకు?' అనకండి. గుంత తవ్వి ఇవ్వండి, నీళ్ళు ఆయన్నే పోయనివ్వండి. ఆ చెట్టు పండును మనిషి తిన్నా, పక్షి తిన్నా నాటినవారికి అది దానమే (బుఖారీ, ముస్లిం).

ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేసే సత్కార్యాల పుణ్యం, జబ్బుపడి చేయలేకపోయినప్పుడు కూడా దాసుని ఖాతాలో వ్రాయబడుతుందని హదీసులో శుభవార్త ఉంది (బుఖారీ). కనుక చేతనైనన్నాళ్ళు చేసుకుందాం.

అల్లాహ్ మనల్ని సోమరితనం నుండి, ఇతరులపై భారమయ్యే ముసలితనం నుండి కాపాడుగాక! మన పెద్దలకు ఆయురారోగ్యాలు, వారికి తోడుగా నడిచే ఓపిక మనకు ప్రసాదించుగాక! ఆమీన్.