బ్యాటరీ బండ్లు – నడుపువారి వయస్సు

ఇటీవల గ్రామములలో బ్యాటరీతో నడుచు స్కూటర్లు విరివిగా కానవచ్చుచున్నవి. పెట్రోలు ఖర్చు లేదు, చప్పుడు లేదు. "దీనికి లైసెన్సు అక్కరలేదు" అని అమ్మువారు చెప్పగా నమ్మి, తొమ్మిదవ తరగతి చదువు కుమారునికి తాళపుచెవి ఇచ్చు తండ్రులు కలరు. ఆ మాట కొన్ని బండ్ల విషయమున మాత్రమే నిజము. ఏ బండ్లో పంచాయతీ సభ్యులు తెలిసికొనుట అవసరము.

కేంద్ర మోటారు వాహనముల నియమములలో ముఖ్యమైన షరతులు ఇవి: మోటారు శక్తి 250 వాట్లకు తక్కువగా ఉండవలెను, గరిష్ఠ వేగము గంటకు 25 కిలోమీటర్లకు తక్కువగా ఉండవలెను, ఈ సంగతిని నియమములలో పేర్కొన్న పరీక్షా సంస్థ ధ్రువపరచి ఉండవలెను. అట్టి బండి మోటారు వాహనముగా పరిగణింపబడదు. దానికి రిజిస్ట్రేషను గాని, నడుపువానికి లైసెన్సు గాని అక్కరలేదు. 1988 మోటారు వాహనముల చట్టములోని వయస్సు నిబంధనయు దానికి వర్తింపదు.

ఆ హద్దు దాటిన బండి మోటారు వాహనమే. దానిని నడుపుటకు 18 సంవత్సరములు నిండవలెను. లైసెన్సు, రిజిస్ట్రేషను, బీమా, హెల్మెటు అన్నియు కావలెను. రిజిస్టరు అయిన విద్యుత్ వాహనమునకు ఆకుపచ్చ నంబరు పలక ఉండును. పలక లేనంత మాత్రమున బండి చిన్నదని అనుకొనరాదు. వేగమునకు వేసిన కట్టడిని మెకానిక్కుచేత తీయించి 40 కిలోమీటర్ల వేగమున పరుగెత్తించినచో, పలక లేకున్నను అది మోటారు వాహనమే యగును.

పదునారేండ్లకే నడుపవచ్చునని వాదించువారును కలరు. చట్టములోని ఆ సడలింపు 50 సీసీకి మించని ఇంజను గల మోటారు సైకిళ్లను గూర్చినది. దానికిని లైసెన్సు తప్పదు. విద్యుత్ మోటారుకు సీసీ కొలతయే లేదు. కావున ఆ వాదమును నమ్ముకొని పిల్లలకు బండి ఇచ్చుట క్షేమము కాదని మా అభిప్రాయము.

శిక్ష బాలునితో పోదు. 2019 సెప్టెంబరు 1 నుండి అమలులోనున్న 199-ఏ సెక్షను ప్రకారము, బాలుడు ఈ చట్టము క్రింద నేరము చేసినచో సంరక్షకుడు లేక బండి యజమాని దోషిగా భావింపబడును. మూడేండ్ల వరకు కారాగారము, 25,000 రూపాయల జరిమానా గలవు. బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దగును. బాలునికి 25 ఏండ్లు నిండువరకు లైసెన్సు దొరకదు. తనకు తెలియకుండ జరిగినదని, లేక తాను తగిన జాగ్రత్త తీసికొంటినని ఋజువు చేసికొను భారము పెద్దలదే. కూలి చేసికొని బ్రతుకు కుటుంబమునకు ఇది ఎంతటి దెబ్బయో వేరుగ చెప్పనక్కరలేదు.

కావున వచ్చు గ్రామసభలో ఈ సంగతి చదివి వినిపింపవలెను. ఉన్నత పాఠశాలకు ఏ పిల్లలు బండ్లపై పోవుచున్నారో ప్రధానోపాధ్యాయునితో కలిసి విచారింపవచ్చును. బండి కొనబోవువారు మోటారు శక్తి, గరిష్ఠ వేగము బిల్లుపై వ్రాయించుకొని, పరీక్షా సంస్థ ధ్రువపత్రము నకలు అడిగి తీసికొనవలెను. ఆ కాగితము ఇయ్యలేని దుకాణమున పిల్లల కొరకు బండి కొనరాదు.