పాఠం: అలల మీద ఆట

పిల్లలూ! దక్షిణాఫ్రికాలో వైల్డ్ కోస్ట్ అనే సముద్రతీరం ఉంది. అక్కడ కొండలు, రాళ్లు ఎక్కువ, జనం తక్కువ. కాఫీ బే అనే ఊళ్లో కొత్తవాళ్లు ఒడ్డు దగ్గరి నురుగు అలల్లో సర్ఫింగ్ నేర్చుకుంటారు. బాగా వచ్చినవాళ్లు మ్దుంబి దగ్గర పొడవాటి కెరటాల మీద జారుతూ వెళ్తారు.

జనం లేని చోట మనల్ని కాపాడేవాళ్లూ ఉండరు కదా! అందుకే ఒంటరిగా నీళ్లలోకి దిగకూడదు. ఒక్కోసారి నీరు మనల్ని లోపలికి లాగేస్తుంది. దాన్ని రిప్ కరెంట్ అంటారు. దానికి ఎదురీదితే అలిసిపోతాం. బోర్డు వదలకండి, చెయ్యెత్తి సాయం అడగండి. ఒడ్డు వెంబడి పక్కకు వెళ్లండి. లాగడం తగ్గాకే ఒడ్డుకు తిరగండి.

కొత్త పదాలు
కెరటం: పెద్ద అల
ఎదురీత: నీరు వచ్చే వైపుకు ఈదడం

చెప్పండి: రిప్ కరెంట్‌లో నేరుగా ఒడ్డుకు ఎందుకు ఈదకూడదు?