కక్ష్య నుండి ఆర్బిటాల్ వరకు

పరమాణువు బొమ్మ గీయుమన్నచో మన విద్యార్థులు సాధారణంగా నడుమ ఒక చుక్క పెట్టి, చుట్టూ రెండు మూడు వలయాలు గీసి, వాటిపై చిన్న గుండ్లను అమర్చుతారు. ఆ బొమ్మ తప్పని పై తరగతులలో వింటారు. తప్పయినచో పాఠ్యగ్రంథాలలో ఇంకను ఎందుకున్నదని అడిగేవారు అరుదు. ఆ ప్రశ్నకే ఇక్కడ సమాధానం చెప్పదలచినాము.

చిక్కులో కొంత మన మాటలలోనే ఉన్నది. తెలుగులో ‘కక్ష్య’ అన్నను, ఉర్దూలో ‘మదార్’ అన్నను గ్రహాల త్రోవలే మనసుకు వస్తాయి. పరమాణువుకు ఆ పోలిక ఎంతవరకు చెల్లునో చూతము.

1897లో జె. జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను కనుగొన్నాడు. ధనావేశం పరమాణువంతటా పరచుకొని ఉండగా అందులో ఎలక్ట్రాన్లు పొదిగి ఉన్నవని ఆయన ఊహ. 1909లో గైగర్, మార్స్‌డెన్‌లు పలుచని లోహపు రేకుపై ఆల్ఫా కణాలను ప్రయోగించగా చాలా వరకు దాటిపోయినవి. కొన్ని వేలలో ఒకటి మాత్రం వెనుకకు మరలినది. కనుక ధనావేశమంతయు అతి చిన్న కేంద్రకంలో ఉన్నదని 1911లో రూథర్‌ఫర్డ్ తేల్చినాడు. కాని వలయంలో తిరిగే ఆవేశం వికిరణం ద్వారా శక్తిని కోల్పోవలెను. పాత భౌతికశాస్త్రం ప్రకారం లెక్క కట్టినచో, సెకనులో సుమారు పదివేల కోట్లవ వంతు కాలంలోనే హైడ్రోజన్ ఎలక్ట్రాన్ కేంద్రకంలో పడిపోవలెను. అట్లయిన ఈ పత్రికయు ఉండదు, చదివే మనమును ఉండము!

కొన్ని నియమిత కక్ష్యలలో శక్తినష్టం ఉండదని 1913లో నీల్స్ బోర్ ప్రతిపాదించినాడు. ఎందుకుండదో చెప్పలేదు, కాని ఫలితం చూడుడు. 13.6 ఎలక్ట్రాన్ వోల్టులను స్థాయిసంఖ్య వర్గంతో భాగించి ఋణచిహ్నం పెట్టినచో హైడ్రోజన్‌లో ఆ స్థాయి శక్తి వచ్చును. మూడవ స్థాయి నుండి రెండవ స్థాయికి దిగునప్పుడు 1.89 ఎలక్ట్రాన్ వోల్టులు వెలువడును. అదే 656 నానోమీటర్ల ఎరుపు రేఖ. నాలుగవ స్థాయి నుండి దిగినచో 2.55, అది 486 నానోమీటర్ల రేఖ. హైడ్రోజన్ ఉత్సర్గనాళం కాంతిలో ఈ రెండును కంటికి కనబడును. ఈ లెక్కను ప్రతి విద్యార్థి ఒకసారి తన చేతితో వేయవలెనని మా కోరిక. బోర్ నమూనా పాఠ్యగ్రంథంలో నిలిచినది బొమ్మ వలన కాదు, ఈ లెక్క వలన.

రెండు ఎలక్ట్రాన్లు గల హీలియం వద్దనే ఆ నమూనా తడబడినది. ఎలక్ట్రాన్‌కు తరంగ స్వభావం ఉన్నదని 1924లో డి బ్రోలీ సూచించగా, 1927లో డేవిసన్, జెర్మర్‌లు నికెల్ స్ఫటికంతో దానిని నిరూపించినారు. అదే ఏట జి. పి. థామ్సన్ కూడ వేరు పద్ధతిలో నిరూపించినాడు. తండ్రి కణమని పట్టుకొన్న దానిని కుమారుడు తరంగమని చూపినాడన్నమాట!

ఆ సంవత్సరమే వెలువడిన హైసెన్‌బర్గ్ అనిశ్చితత్వ నియమాన్ని హైడ్రోజన్‌కు అన్వయింతము. ఎలక్ట్రాన్ స్థానంలోని అనిశ్చితి 0.53 ఆంగ్‌స్ట్రామ్‌లు, అనగా బోర్ వ్యాసార్ధమంత, అనుకొందము. అప్పుడు వేగంలోని అనిశ్చితి సెకనుకు కనీసం 1,100 కిలోమీటర్లు. బోర్ చెప్పిన వేగమే సుమారు 2,200 కిలోమీటర్లు! వేగంలో సగం మేరకు సందేహమున్న వస్తువుకు వలయం ఎట్లు గీయగలము?

1926లో ష్రోడింగర్ సమీకరణం వచ్చిన పిదప, దాని సాధనలను మాక్స్ బోర్న్ సంభావ్యతగా వివరించినాడు. ఆర్బిటాల్ బొమ్మలోని చుక్కలు ఎలక్ట్రాన్లు కావు. ఒకే ఎలక్ట్రాన్‌ను ఎచ్చట కనుగొనే అవకాశం హెచ్చో అచ్చట చుక్కలు దట్టముగా ఉండును. హైడ్రోజన్ ప్రథమ స్థాయిలో అవి కేంద్రకం వద్దనే మిక్కిలి దట్టము. అయినను, కేంద్రకం నుండి ఏ దూరంలో ఎలక్ట్రాన్ దొరకే అవకాశం గరిష్ఠమని అడిగినచో సమాధానం 0.53 ఆంగ్‌స్ట్రామ్‌లే, ఏలననగా దూరం పెరిగినకొలది గోళోపరితలం విస్తరించును. బోర్ సంఖ్య మిగిలినది, త్రోవ పోయినది. ప్రథమ స్థాయిలో ఆయన చెప్పిన కోణీయ ద్రవ్యవేగం కూడ నిలువలేదు. దాని విలువ సున్న.

కనుక హైడ్రోజన్ వర్ణపట రేఖలను అడిగినచో బోర్ సూత్రాన్ని నిస్సంకోచంగా వాడవచ్చును. అణువుల ఆకృతిని అడిగినప్పుడు మాత్రం వలయాలు గీయరాదు. నీటి అణువులోని 104.5 డిగ్రీల కోణం ఏ వలయం నుండియు రాదు.