సమూహ విశ్లేషణలో సి.ఆర్. రావు కృషి: సస్య ప్రజనన పరిశోధనకు పాఠాలు

సస్య ప్రజననంలో జనకులను ఎంపిక చేసే ముందు జన్యురూపాల మధ్య వైవిధ్యాన్ని అంచనా వేయడం ఆనవాయితీ. ఇందుకు మహలనోబిస్ డి-స్క్వేర్ విశ్లేషణ, టోచర్ సమూహీకరణ పద్ధతి మన దేశంలో విస్తృతంగా వాడుకలో ఉన్నాయి. నేడు సాఫ్ట్‌వేర్ క్షణాల్లో సమూహాల పట్టికను అందిస్తుంది. అయితే ఆ సమూహాలు పంటలో నిజంగా ఉన్నవా, గణన పద్ధతి వల్ల ఏర్పడినవా అన్నది పరిశోధకుడే తేల్చుకోవాలి. సంకరణం నుంచి రకం విడుదల వరకు సాధారణంగా 8 నుంచి 10 ఏళ్లు పడుతుంది. కనుక జనకుల ఎంపికలో జరిగిన పొరపాటు చాలా ఆలస్యంగా బయటపడుతుంది. ఈ పద్ధతులకు రూపమిచ్చినవారిలో ముఖ్యుడైన ఆచార్య కల్యంపూడి రాధాకృష్ణ రావు పరిశోధనా జీవితాన్ని పరిశీలిస్తే వాటిని ఎలా వాడాలో స్పష్టమవుతుంది.

కొలతల నుంచి వర్గీకరణకు

1920 సెప్టెంబరు 10న నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని హడగలిలో తెలుగు కుటుంబంలో జన్మించిన రావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితశాస్త్రం అభ్యసించారు. 1941 జనవరిలో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. ఆ సంస్థ స్థాపకుడు ప్రశాంత చంద్ర మహలనోబిస్ అప్పటికే, 1936లో, అనేక లక్షణాలను ఒకేసారి పరిగణనలోకి తీసుకుని రెండు జనాభాల మధ్య దూరాన్ని కొలిచే సూత్రాన్ని ప్రచురించారు. దానినే డి-స్క్వేర్ అంటారు.

సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో లభించిన అస్థిపంజరాల కొలతలను ఈ పద్ధతితో విశ్లేషించడానికి రావు 1946లో కేంబ్రిడ్జికి వెళ్లారు. అక్కడే ఆర్.ఎ. ఫిషర్ పర్యవేక్షణలో జీవశాస్త్ర వర్గీకరణలోని సాంఖ్యక సమస్యలపై పరిశోధించి 1948లో డాక్టరేట్ పొందారు. ఫిషర్ రెండు సముదాయాలకు రూపొందించిన విచక్షణ పద్ధతిని ఆయన అనేక సముదాయాలకు విస్తరించారు. మహలనోబిస్, మజుందార్‌లతో కలిసి యునైటెడ్ ప్రావిన్సెస్ మానవ శరీర కొలతల సర్వే ఫలితాలను 1949లో ప్రచురించారు. 1952లో వెలువడిన జీవమితి గ్రంథంలో టోచర్ సూచించిన సమూహీకరణ విధానాన్ని వివరించారు. సస్య ప్రజననకారులు నేటికీ అనుసరిస్తున్నది ఆ విధానాన్నే.

ఈ కృషి అంతటిలో ఒక క్రమం కనిపిస్తుంది. ముందు ఒక నిర్దిష్టమైన ప్రశ్న, ఆ తరువాత తగిన కొలతలు, చివర గణన. పద్ధతి కోసం ప్రశ్నను వెతుక్కోవడం అందులో లేదు.

డి-స్క్వేర్ అంతరార్థం

లక్షణాల మధ్య సహసంబంధాన్ని లెక్కలోకి తీసుకోవడం డి-స్క్వేర్ ప్రత్యేకత. దీనిని ఒక ఊహాత్మక ఉదాహరణతో గ్రహించవచ్చు. వరిలో మొక్క ఎత్తు, కంకి పొడవు అనే రెండు లక్షణాల మధ్య దోష సహసంబంధం 0.8 అనుకుందాం. రెండు జన్యురూపాల సగటుల మధ్య తేడా ఒక్కో లక్షణంలో 2 దోష క్రమవిచలనాలు అనుకుందాం. సాధారణ దూర వర్గం 4, 4 కలిపి 8 అవుతుంది.

ఒక జన్యురూపం రెండు లక్షణాల్లోనూ అధికంగా ఉంటే డి-స్క్వేర్ విలువ 4.44 మాత్రమే. ఎత్తు పెరిగితే కంకి పొడవు కూడా పెరగడం సహజం కనుక రెండో తేడా కొత్త సమాచారాన్ని పెద్దగా ఇవ్వదు. అదే జన్యురూపం ఎత్తులో అధికంగా, కంకి పొడవులో తక్కువగా ఉంటే డి-స్క్వేర్ 40 అవుతుంది. సాధారణ దూరానికి ఒకటిగానే కనిపించిన రెండు సందర్భాలను డి-స్క్వేర్ స్పష్టంగా వేరు చేస్తుంది.

ఈ సహసంబంధం ప్రయోగ దోష విస్తృతి–సహవిస్తృతి మాత్రిక నుంచి వస్తుంది. కనుక రెప్లికేషన్లు సరిగా లేని ప్రయోగం నుంచి నమ్మదగిన దూరాలు రావు. దోషానికి చెందిన డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ లక్షణాల సంఖ్య కంటే తక్కువైతే ఆ మాత్రికకు విలోమమే ఉండదు.

టోచర్ పద్ధతి: పరిమితులు

ఈ పద్ధతిలో అతి తక్కువ దూరం గల జంటతో మొదటి సమూహం ప్రారంభమవుతుంది. ఆ జంటకు సగటున దగ్గరగా ఉన్న మూడో జన్యురూపం చేరుతుంది. కొత్త చేరిక వల్ల దూరం నిర్ణీత హద్దు దాటితే ఆ సమూహం ముగిసి, మిగిలిన వాటితో మరొకటి మొదలవుతుంది. అందువల్ల తొలి సమూహం పెద్దదిగా, చివరివి ఒక్కో జన్యురూపంతో ఏర్పడడం తరచుగా కనిపిస్తుంది. ఏకాకిగా మిగిలిన ప్రతి జన్యురూపాన్నీ విశిష్టమైనదిగా భావించడం సరికాదు. అది నిజంగా భిన్నమైనది కావచ్చు, హద్దు నిర్ణయం వల్ల విడిపోయినదీ కావచ్చు. మరో సీజన్‌లో, మరో ప్రదేశంలో అవే జన్యురూపాలు మళ్లీ కలిసి వస్తున్నాయో లేదో చూడడం మంచి పరీక్ష.

దూరం ఒక్కటే ఎంపికకు ఆధారం కారాదు. దూరంగా ఉన్నప్పటికీ దిగుబడిలో గాని, తెగుళ్లను తట్టుకోవడంలో గాని బలహీనమైన జనకుడి వల్ల ప్రయోజనం పరిమితం.

డేటా మైనింగ్ కాలంలో

రావు 1979లో అమెరికా వెళ్లి పిట్స్‌బర్గ్, ఆపై పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయాల్లో పనిచేశారు. వెగ్మన్, సోల్కాలతో కలిసి డేటా మైనింగ్‌పై సంపాదకత్వం వహించిన సంపుటి 2005లో వెలువడింది. కొలిచే పరికరాలతో మొదలైన ఆయన పరిశోధనా జీవితం కంప్యూటర్ దత్తాంశ భాండాగారాల వరకు సాగింది. 2023లో అంతర్జాతీయ సాంఖ్యకశాస్త్ర పురస్కారం అందుకుని, అదే ఏడాది ఆగస్టులో 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

దత్తాంశం పెరిగినంత మాత్రాన పాత జాగ్రత్తల అవసరం తీరదు. కె-మీన్స్ పద్ధతిలో సమూహాల సంఖ్యను పరిశోధకుడే ముందుగా నిర్ణయిస్తాడు. ఎలాంటి సమూహాలూ లేని దత్తాంశాన్ని ఇచ్చినా అది కోరినన్ని సమూహాలుగా విభజిస్తుంది. విస్తరణ శాస్త్రవేత్తలు రైతులను వర్గీకరించేటప్పుడు కూడా ఈ చిక్కు ఎదురవుతుంది. కమతాన్ని ఎకరాల్లోనూ, ఆదాయాన్ని రూపాయల్లోనూ యథాతథంగా వాడితే పెద్ద అంకెలున్న ఆదాయమే సమూహాలను శాసిస్తుంది. అప్పుడు నీటి వసతి, కమత పరిమాణం లెక్కలోకి రాకుండాపోయి, మెట్ట రైతుకు మాగాణి సిఫారసు చేరే ప్రమాదం ఉంది. లక్షణాలను ముందుగా ఒకే ప్రమాణానికి తేవడం, దత్తాంశంలో కొంత భాగాన్ని విడిచి మళ్లీ విశ్లేషించి సమూహాల స్థిరత్వాన్ని పరీక్షించడం తప్పనిసరి.

ముగింపు

సమూహ విశ్లేషణ ఇచ్చేది పరీక్షించవలసిన ప్రతిపాదనే గాని తుది నిర్ణయం కాదు. ఏ ప్రశ్న కోసం లక్షణాలను ఎంపిక చేశారు, దోషాన్ని ఎలా అంచనా వేశారు, హద్దును ఎలా నిర్ణయించారు అనే మూడు విషయాలను విద్యార్థులు తమ సిద్ధాంత వ్యాసాల్లో సమూహాల పట్టికకు ముందే పేర్కొనాలి. అప్పుడే ఆ పట్టికను చూసి జనకులను ఎంపిక చేసే ప్రజననకారుడు దానిని ఎంతవరకు నమ్మవచ్చో గ్రహించగలుగుతాడు.