ఫ్రీజర్‌లో ఐస్ ఉంది, కింద ఫ్రిజ్ చల్లబడట్లేదా? గ్యాస్ నింపించే ముందు ఇవి చెక్ చేయండి

పైన ఫ్రీజర్‌లో ఐస్ క్యూబ్స్ రాయిలా గట్టిగా ఉంటాయి. కింద మాత్రం పాలు విరిగిపోతాయి, రాత్రి పెట్టిన దోసెల పిండి తెల్లారేసరికి పొంగి గిన్నె దాటుతుంది. మెకానిక్‌ని పిలిస్తే చాలాసార్లు మొదట వినిపించే మాట: "గ్యాస్ అయిపోయింది సార్."

ఫోన్ రివ్యూల మధ్య ఈ ఫ్రిజ్ గోల ఏంటి అనుకోకండి. ఇంట్లో ఏ వస్తువు ఆగిపోయినా అమ్మ ముందు పిలిచేది టెక్నాలజీ తెలిసిన మిమ్మల్నే. ఈ లక్షణం ఏం చెబుతోందో అర్థమైతే అక్కర్లేని ఖర్చు తప్పుతుంది. నేనిక్కడ చెప్పేది డబుల్ డోర్ ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌ల గురించి. బటన్ నొక్కి ఐస్ కరిగించే సింగిల్ డోర్ మోడల్స్ పనిచేసే పద్ధతి వేరు.

చల్లదనం ఎక్కడ తయారవుతుంది?

చాలా డబుల్ డోర్ ఫ్రిజ్‌లలో కూలింగ్ కాయిల్ ఒక్కటే ఉంటుంది. అది ఫ్రీజర్ లోపల, వెనక ప్యానెల్ చాటున ఉంటుంది. పక్కనే ఉన్న చిన్న ఫ్యాన్ ఆ కాయిల్ మీదుగా గాలిని లాగి ఫ్రీజర్‌లోకి తోస్తుంది. అందులో కొంత గాలి ఒక దారి గుండా కింది అరల్లోకి వెళ్తుంది. ఎంత వెళ్లాలో డ్యాంపర్ అనే చిన్న తలుపు చూసుకుంటుంది.

అంటే కింది భాగానికి సొంత చల్లదనం లేదు, పైనుంచి వచ్చే గాలే దిక్కు. ఫ్రీజర్ నిజంగా చల్లగా ఉండి కింద వేడెక్కుతోందంటే కంప్రెసర్, గ్యాస్ చాలావరకు బాగానే ఉన్నట్టు. ముందు అనుమానించాల్సింది గాలి దారిని.

కొన్ని మోడల్స్‌లో పైకి, కిందకి వేర్వేరు కాయిల్స్ ఉంటాయి. శాంసంగ్ ట్విన్ కూలింగ్ ఫ్రిజ్‌లు అలాంటివే. వాటికి ఈ లెక్క పూర్తిగా వర్తించదు.

"నిజంగా చల్లగా" అంటే?

నీళ్లు 0 డిగ్రీల దగ్గరే గడ్డకడతాయి. ఫ్రీజర్ ఉండాల్సింది మైనస్ 18 దగ్గర. కాబట్టి ఐస్ ఉన్నంత మాత్రాన ఫ్రీజర్ బాగున్నట్టు కాదు. ఐస్‌క్రీమ్ పెట్టి చూడండి. అది గట్టిగా ఉంటే ఫ్రీజర్ ఓకే. మెత్తగా, స్పూన్ సులువుగా దిగేలా ఉంటే ఫ్రీజర్ కూడా నీరసించింది. అప్పుడు గ్యాస్, కంప్రెసర్ మీద కూడా అనుమానం పెట్టుకోవచ్చు.

కింది భాగానికి థర్మామీటర్ వాడండి. మధ్య అరలో గ్లాసు నీళ్లు పెట్టి, అందులో ఫ్రిజ్ థర్మామీటర్ వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున 4 డిగ్రీలు లేదా అంతకన్నా తక్కువ చూపించాలి.

మీరే చేయగల నాలుగు చెక్స్

1. నాబ్: చాలా మోడల్స్‌లో ఫ్రీజర్ నాబ్ నిజానికి డ్యాంపర్‌నే తిప్పుతుంది. దాన్ని ఫుల్‌లో పెడితే కిందికి వెళ్లే గాలి తగ్గిపోతుంది. వేసవిలో "ఇంకా కూల్ అవ్వాలి" అని ఎవరో తిప్పేసి ఉండొచ్చు. మధ్యలో పెట్టి ఒక రోజు చూడండి.

2. గాలి రంధ్రాలు: ఫ్రీజర్ వెనక గోడకి ఆనించి ప్యాకెట్లు కుక్కితే గాలి కదలదు. కింది భాగంలో పై అర వెనక ఉండే రంధ్రాలకి పెద్ద గిన్నె అడ్డం పెట్టినా అంతే.

3. డోర్ రబ్బరు: ఒక కాగితం పెట్టి తలుపు వేసి లాగండి. బిగుతుగా రావాలి. జారిపోతుంటే అక్కడ గాలి లీకవుతోంది. తేమ లోపలికొచ్చి కాయిల్ మీద మంచుగా మారుతుంది. ముందు రబ్బరుని సబ్బు నీళ్లతో తుడిచి మళ్లీ చూడండి.

4. ఫ్యాన్: ఫ్రీజర్ తలుపు తీస్తే చాలా మోడల్స్‌లో ఫ్యాన్ ఆగిపోతుంది. డోర్ స్విచ్‌ని వేలితో నొక్కి పట్టుకుంటే తిరిగే శబ్దం రావాలి. రాకపోతే కంప్రెసర్ ఆగి ఉన్న సమయం కావచ్చు, అది నడుస్తున్నప్పుడు మళ్లీ చెక్ చేయండి. అప్పుడూ చప్పుడు లేకపోతే ఫ్యాన్ మోటార్ పోయి ఉండొచ్చు, లేదా రెక్కలకి ఐస్ పట్టి ఉండొచ్చు.

ఇవన్నీ బాగుంటే: డీఫ్రాస్ట్

కాయిల్ మీద రోజూ మంచు పేరుకుంటుంది. దాన్ని కరిగించడానికి కింద ఒక హీటర్ ఉంటుంది. టైమర్ లేదా బోర్డు కొన్ని గంటలకోసారి దాన్ని ఆన్ చేస్తుంది. ఈ వరుసలో హీటర్, సెన్సర్, ఫ్యూజ్, టైమర్ ఏది పోయినా మంచు గడ్డకట్టి గాలి దారి మూసేస్తుంది. కాయిల్ పక్కనే ఉంది కాబట్టి ఫ్రీజర్ చల్లగానే ఉంటుంది. కింద మాత్రం వేడెక్కుతుంది.

దీన్ని పట్టుకోవడానికి ఫోన్ రీస్టార్ట్ లాంటి టెస్ట్ ఉంది. ఫ్రిజ్ ఖాళీ చేసి, ప్లగ్ తీసి, రెండు తలుపులూ తెరిచి, కింద పాత బట్టలు పరిచి 24 గంటలు వదిలేయండి. తర్వాత ఆన్ చేస్తే కొన్నాళ్లు బాగా పనిచేసి మళ్లీ మొదటికొస్తే, తప్పు దాదాపు డీఫ్రాస్ట్‌దే. మా ఇంటి ఫ్రిజ్‌కి ఇదే టెస్ట్ చేశాను. వారం రోజులు చక్కగా ఉండి, మళ్లీ పెరుగు పులవడం మొదలైంది. రెండో మెకానిక్ ప్యానెల్ విప్పి మల్టీమీటర్ పెడితే హీటర్ కాలిపోయిందని తేలింది. మొదటాయన చెప్పిన గ్యాస్ ముట్టుకోవాల్సిన పనే పడలేదు.

ఒక హెచ్చరిక. కత్తితో, స్క్రూడ్రైవర్‌తో ఐస్ గీకకండి. కాయిల్‌కి చిల్లు పడితే చిన్న రిపేర్ పెద్దదవుతుంది. ఇప్పటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా వాడే ఆర్600ఏ గ్యాస్‌కి మంట అంటుకుంటుంది కూడా. అందుకే హెయిర్ డ్రయర్ లాంటివి దగ్గర పెట్టకండి.

మెకానిక్‌ని అడగాల్సింది

ఫ్రిజ్ గ్యాస్ బైక్‌లో పెట్రోల్ లాంటిది కాదు, వాడకంతో తరగదు. మూసి ఉన్న పైపుల్లోనే తిరుగుతుంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకుంది. లీకు పట్టకుండా నింపితే అది మళ్లీ పోతుంది. అందుకే "గ్యాస్" అనగానే "ప్యానెల్ విప్పి కాయిల్ చూపిస్తారా?" అని అడగండి. ఈ మూడింట్లో ఒకటి కనిపించొచ్చు:

- కాయిల్ అంతా సమానంగా పల్చటి మంచు: గ్యాస్ బాగుంది. ఫ్యాన్, డ్యాంపర్ చూడాలి.
- కాయిల్ కనపడనంత దట్టమైన మంచు: డీఫ్రాస్ట్ పనిచేయట్లేదు, లేదా తలుపు సరిగ్గా పడట్లేదు.
- ఒక మూల మాత్రమే మంచు, మిగతాదంతా బోడిగా: గ్యాస్ తక్కువై ఉండొచ్చు. ఆయన మాటలో నిజం ఉండొచ్చు.

మంచు కరిగించిన వెంటనే ఈ తేడా కనపడదు. కాబట్టి ఆయన వచ్చేసరికి ఫ్రిజ్ కొన్ని గంటలైనా ఆన్‌లో ఉండాలి. విప్పే ముందు మాత్రం ప్లగ్ తీయించండి.

రిపేర్ అయ్యేలోపు

పాలు, మాంసం, వండిన కూరలు ఆ కింది అరల్లో నమ్మి ఉంచకండి. ఇంట్లో ఎవరైనా ఇన్సులిన్ వాడుతుంటే ఇంకా జాగ్రత్త. తెరవని ఇన్సులిన్‌ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. కింద వేడిగా ఉందని ఫ్రీజర్‌లో పెట్టేయకండి. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక కూడా వాడకూడదు. దాన్ని పక్కింటి ఫ్రిజ్‌కి మార్చాకే మిగతా చెక్స్ మొదలుపెట్టండి.